వారసత్వ పాఠాన్ని బఠానీల దగ్గరే ఆపకండి: జీవశాస్త్ర పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

పాఠశాలల కోసం జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే రచయితలకు, వాటిని పరిశీలించి ఆమోదించే సంపాదక మండళ్ల సభ్యులకు,

నమస్కారాలు.

మీ పుస్తకాల్లో వారసత్వం గురించి చెప్పే అధ్యాయాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ లేఖ రాస్తున్నాను. ఆ అధ్యాయాన్ని తరగతి గదిలో బోధించేవాడిని. దాన్ని చదువుకుని వెళ్లిన పిల్లలు పెద్దవాళ్లయ్యాక జన్యువుల గురించి ఎలా మాట్లాడుతున్నారో గమనిస్తున్నవాడిని. బడి విడిచిన తరువాత ఎక్కువమంది జన్యుశాస్త్రం జోలికి మళ్లీ వెళ్లరు. కాని జన్యుశాస్త్రం వాళ్ల జోలికి రాకుండా ఉండదు. గర్భంలోని శిశువుకు చేసిన పరీక్ష నివేదిక చేతికి వచ్చినప్పుడు, కుటుంబంలో ఒకరికి క్యాన్సర్ బయటపడి మిగిలినవాళ్లు పరీక్ష చేయించుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నప్పుడు, లాలాజలం నమూనా పంపిస్తే మీ స్వభావమేమిటో చెబుతామనే ప్రకటన కంటబడినప్పుడు, వాళ్లకు ఆధారంగా మిగిలేది మీరు రాసిన ఆ కొద్ది పేజీలే.

నా విన్నపం ఒక్కటే. ఇప్పుడున్న క్రమంలో ఆ అధ్యాయం చదివిన విద్యార్థి మనసులో ఒక్కో లక్షణానికి ఒక్కో జన్యువు ఉంటుందనీ, ఆ జన్యువు ఏ రూపంలో ఉంటే మనిషి ఆ ప్రకారమే తయారవుతాడనీ స్థిరపడిపోతోంది. అధ్యాయంలోని చాలా వాక్యాలు విడివిడిగా నిజమే. అన్నీ కలిసి కలిగించే అభిప్రాయం మాత్రం నిజం కాదు. అందువల్ల అక్కడక్కడా వాక్యాలను సవరిస్తే సరిపోదు, అధ్యాయం నడిచే క్రమాన్నే మార్చవలసి ఉంది. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు తేలికగా తేలిపోయే విషయం. మానవులలో వారసత్వానికి ఉదాహరణలంటూ చాలా పుస్తకాలు ఒక పట్టిక ఇస్తాయి: నాలుకను గొట్టంలా చుట్టగలగడం, చెవి తమ్మె విడిగా వేలాడటం లేదా చెంపకు అతుక్కుని ఉండటం, కళ్ల రంగు, ఇలాంటివి. అందులో మొదటిదాని చరిత్ర చూడండి. 1913లో తొలి జన్యుపటాన్ని గీసిన ఆల్‌ఫ్రెడ్ స్టర్టివెంట్, నాలుక చుట్టగలగడం ఒకే ఒక బహిర్గత జన్యువు (ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం పైకి కనబడే జన్యువు) వల్ల వచ్చే లక్షణమని 1940లో ప్రతిపాదించారు. 1952లో మాట్‌లాక్ అనే పరిశోధకుడు 33 జతల సమరూప కవలలను పరిశీలిస్తే, 7 జతలలో ఒకరు నాలుక చుట్టగలిగారు, రెండోవారు చుట్టలేకపోయారు. జన్యువులు ఒకటే అయిన ఇద్దరిలో ఇలా జరిగినప్పుడు ఆ లక్షణం ఒక్క జన్యువు చేతిలో ఉందనడానికి వీలు లేదు. స్టర్టివెంట్ ఈ ఆధారాన్ని అంగీకరించారు. అయినా కొన్ని పుస్తకాలు దాన్ని ఇంకా రుజువైన ఉదాహరణగా చూపుతుండటం తనకు సిగ్గుగా ఉందని 1965లో రాశారు. ఆయనకు కలిగిన సిగ్గు ఆ తరువాత పాఠ్యపుస్తకాలు రాసినవారిలో చాలామందికి కలిగినట్టు లేదు.

చెవి తమ్మెల సంగతీ అంతే. అవి రెండు రకాలుగా కాక, పూర్తిగా అతుక్కున్న స్థితి నుంచి పూర్తిగా వేలాడే స్థితి దాకా ఎన్నో మెట్లలో కనబడతాయి. వాటి వెనుక అనేక జన్యువులు ఉన్నాయి. కళ్ల రంగులో 15వ క్రోమోజోము మీద పక్కపక్కన ఉండే రెండు జన్యువులది ప్రధాన పాత్రే అయినా, ఇతర క్రోమోజోముల మీది జన్యువులకు కూడా అందులో వాటా ఉంది కాబట్టి, నీలి కళ్ల దంపతులకు గోధుమరంగు కళ్ల బిడ్డ పుట్టడం అరుదే గాని అసాధ్యం కాదు. అసాధ్యమని మీ పట్టిక చెబుతుంది. పట్టిక కింద సాధారణంగా ఒక కృత్యం ఉంటుంది: మీ ఇంట్లో ఎవరికి ఏ లక్షణం ఉందో నమోదు చేయండి అని. తల్లీ తండ్రీ ఇద్దరూ నాలుక చుట్టలేకపోయి తాను చుట్టగలిగిన పిల్ల, పుస్తకం ప్రకారం, వాళ్ల బిడ్డ కాకూడదు. ఆ సందేహాన్ని తరగతిలో పైకి అడిగేవాళ్లు తక్కువ. అడగకుండా ఇంటికి మోసుకుపోయేవాళ్ల గురించే నా దిగులు.

ఇక బఠానీలు. బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేసి వారసత్వ సూత్రాలను కనుగొన్న గ్రెగర్ మెండెల్ మీద నాకే ఫిర్యాదూ లేదు. 1865లో వినిపించి 1866లో ప్రచురించిన ఆ పరిశోధన ఈనాటికీ ప్రయోగ రూపకల్పనకు ఒక ఆదర్శం. రెండు స్పష్టమైన రూపాల్లో కనబడే ఏడు లక్షణాలను ఆయన ఏరికోరి ఎంచుకున్నారు. తేడాను ఇదమిత్థంగా గుర్తించడానికి వీలు కాని లక్షణాలను పక్కన పెట్టినట్టు తానే స్పష్టంగా రాశారు. ఆయన వేసుకున్న ప్రశ్నకు అదే సరైన పద్ధతి. పొరపాటు మన దగ్గర ఉంది. ప్రయోగం కోసం ఏరిపెట్టుకున్న ఏడు లక్షణాలను తెచ్చి, జీవరాశి అంతటికీ అదే నమూనా అన్నట్టు మొదటి పేజీలో నిలబెట్టాం. మెండెల్ పరిశోధన మళ్లీ వెలుగులోకి వచ్చిన రెండేళ్లకే, 1902లో, ఇంగ్లండ్‌కు చెందిన జీవశాస్త్రవేత్త డబ్ల్యూ. ఎఫ్. ఆర్. వెల్డన్ వేర్వేరు రకాల బఠానీలను వరసగా పేర్చి, ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఎన్నో వన్నెలు ఉన్నాయని చూపించారు. ఒక జన్యు కారకం ప్రభావం దాని చుట్టూ ఉన్న ఇతర కారకాల మీదా, పెరిగే పరిస్థితుల మీదా ఆధారపడుతుందన్నది ఆయన వాదన. 1906లో, 46 ఏళ్ల వయసులోనే ఆయన మరణించడంతో ఆ వాదన అసంపూర్ణంగా ఆగిపోయింది. పాఠ్యపుస్తకాలు మెండెల్ ఏడు లక్షణాల దారే పట్టాయి.

బఠానీలనే వాడుకోవాలనుకుంటే వాటిలోనే ఇంతకన్నా మంచి పాఠం ఉంది, దాన్ని మీరు వదిలేస్తున్నారు. ముడతల గింజ ఎందుకు ముడతలు పడుతుంది? ఈ ప్రశ్నకు 1990లో ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్స్ సంస్థ శాస్త్రవేత్తలు సమాధానం కనుగొన్నారు. పిండిపదార్థపు అణువుకు కొమ్మలు వేసే ఒక ఎంజైము ఉంటుంది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువులోకి సుమారు 800 అక్షరాల (డీఎన్ఏ గొలుసులోని రసాయన ముక్కలను అక్షరాలంటారు) పొడవున్న డీఎన్ఏ ముక్క ఒకటి ఎప్పుడో వచ్చి చొరబడింది. అలా చెడిన జన్యువు రెండు ప్రతుల్లోనూ ఉంటే గింజలో పిండి సరిగా తయారు కాదు, చక్కెర మిగిలిపోతుంది, ఆ చక్కెర వల్ల గింజ పెరిగేటప్పుడు ఎక్కువ నీరు లాగుకుంటుంది, ఎండినప్పుడు ఆ నీరంతా పోయి తోలు ముడుచుకుంటుంది. ఈ కథలో 'ముడతల జన్యువు' ఎక్కడా లేదు. జన్యువుకు ముడతల సంగతి తెలియదు. దానికి తెలిసింది ఒక ప్రోటీను మాత్రమే. ముడత అనేది రసాయనం, నీరు, ఎండ అన్నీ కలిసిన తరువాత చిట్టచివర కనబడే ఫలితం. పనిచేసే ప్రతి ఒక్కటే ఉన్నా చాలినంత పిండి తయారవుతుంది కాబట్టి, గుండ్రని రకాన్నీ ముడతల రకాన్నీ కలిపితే వచ్చే సంకర గింజ గుండ్రంగానే ఉంటుంది, దాన్నే మనం బహిర్గతం అంటున్నాం. అయితే ఆ సంకర గింజలోని పిండిరేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే అవి రెండు జనకాలకూ మధ్యస్థమైన రూపంలో ఉంటాయి. అంటే బహిర్గతమా కాదా అన్నది జన్యువుకు పుట్టుకతో ఉన్న గుణం కాదు, మనం ఏ స్థాయిలో నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి మారే విషయం. బహిర్గత జన్యువు అంతర్గత జన్యువును 'అణచివేస్తుంది' అని రాసే పుస్తకాలను చూసినప్పుడల్లా, ఈ ఒక్క పేరా చేరిస్తే పిల్లలు ఆ మాటను తామే కొట్టివేయగలరు కదా అనిపిస్తుంది.

మానవ జన్యుసముదాయం, అంటే మన డీఎన్ఏ మొత్తం, గురించి మీ పుస్తకాల్లో ఉండేది ఎక్కువగా ఒక గడి కట్టిన పెట్టె: దాన్ని అక్షరం అక్షరం చదివే ప్రాజెక్టు 1990లో మొదలైంది, 2003లో పూర్తయింది, మానవ జీవిత రహస్యం విప్పబడింది. ఈ వాక్యంలో చివరి భాగం సంగతి అలా ఉంచండి, రెండో భాగం కూడా సవరణ కోరుతోంది. 2003లో పూర్తయిందన్న అక్షరక్రమంలో సుమారు 8 శాతం ఖాళీలు మిగిలే ఉన్నాయి. ఒకే రకమైన అక్షరాలు పదేపదే పునరావృతమయ్యే ఆ భాగాలను చదవడానికి అప్పటి యంత్రాలకు శక్తి చాలలేదు. ఆ ఖాళీలను పూరించిన క్రమం 2022లో వెలువడింది. దానిలోనూ వై క్రోమోజోము లేదు. అది 2023లో వచ్చింది. కాని తేదీల కంటే ముఖ్యమైనది, ఆ ప్రాజెక్టు ఎదురుదెబ్బలా ఇచ్చిన సమాధానం. ప్రాజెక్టు మొదలైనప్పుడు మనిషిలో లక్ష దాకా జన్యువులు ఉండవచ్చని అనుకునేవారు. 2001లో తొలి చిత్తు క్రమం ప్రచురించినప్పుడు ఆ లెక్క 30,000 నుంచి 40,000కు దిగింది. ఇప్పుడు ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000 అని లెక్క. మట్టిలో బతికే, ఒక మిల్లీమీటరు పొడవుండే సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగులో కూడా దాదాపు అన్నే జన్యువులున్నాయి. బీజకణాలను వదిలేస్తే, ఎదిగిన ద్విలింగి పురుగు శరీరంలో ఉండేవి 959 కణాలు.

మనిషిని మనిషిగా చేసేది జన్యువుల సంఖ్య అనుకున్నవాళ్లకు ఇది జీర్ణించుకోలేని విషయం. జన్యువులు ఏం చేస్తాయో తెలిసినవాళ్లకు ఆశ్చర్యమేమీ లేదు. మన 300 కోట్ల అక్షరాలలో ప్రోటీన్లకు నేరుగా సంకేతాలుగా పనిచేసేవి 2 శాతం కన్నా తక్కువ. మిగిలిన దానిలో ఎంత భాగానికి పని ఉందన్న చర్చ ఇంకా తెగలేదు గాని, ఏ జన్యువు ఏ కణంలో, ఏ దశలో, ఎంత మోతాదులో పనిచేయాలో నియంత్రించే స్విచ్చులు అక్కడ లక్షల సంఖ్యలో ఉన్నాయన్నది మాత్రం స్థిరపడిన విషయం. కాలేయ కణంలోనూ నాడీకణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే; తేడా అంతా ఏ జన్యువులు తెరుచుకుని ఉన్నాయి, ఏవి మూసుకుని ఉన్నాయి అన్నదానిలోనే ఉంది. ఒకే జన్యువు నుంచి ముక్కలను వేర్వేరు విధాలుగా అతికించి వేర్వేరు ప్రోటీన్లను తయారుచేసుకునే పద్ధతి కూడా మన కణాలకు ఉంది. వారసత్వ అధ్యాయంలో ఈ సంగతులకు చోటు లేదు. పిండాభివృద్ధి మరో అధ్యాయంలో, కణజీవశాస్త్రం వేరొక తరగతిలో ఉండిపోవడంతో, జన్యువు అంటే లక్షణానికి తగిలించిన చీటీ అన్న అభిప్రాయమే మిగిలిపోతోంది.

ఎత్తు గురించి ఒక పూర్తి పేజీ కేటాయించమని కోరతాను, ఎందుకంటే జన్యువులకూ మనిషికీ ఉన్న సంబంధాన్ని అంత చక్కగా చూపించే లక్షణం మరొకటి లేదు, పైగా ప్రతి విద్యార్థికీ అది ఉంది. 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం సుమారు 54 లక్షల మంది డీఎన్ఏను పోల్చి, ఎత్తుతో సంబంధమున్న 12,111 స్థానాలను గుర్తించింది. ఒక్కొక్క స్థానపు ప్రభావం చాలా స్వల్పం. అన్నిటినీ కలిపితే యూరోపియన్ మూలాలున్న జనాభాలో ఎత్తులోని తేడాలలో 40 శాతాన్ని వివరించగలిగాయి. అవే స్థానాలు ఇతర మూలాలున్న జనాభాలలో 10 నుంచి 20 శాతాన్ని మాత్రమే వివరించాయి. ఆ అధ్యయనంలో ఎక్కువమంది యూరోపియన్ మూలాలవారే కావడం దీనికి ఒక ముఖ్య కారణం. ఒక జనాభాలో లెక్కగట్టిన జన్యు అంచనాను మరో జనాభాకు యథాతథంగా అంటగట్టకూడదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన అంకె అక్కరలేదు.

దీనితోపాటు మరో అంకె ఇవ్వండి. దక్షిణ కొరియాలో 1896లో పుట్టిన స్త్రీల సగటు ఎత్తుకూ 1996లో పుట్టినవారి సగటు ఎత్తుకూ తేడా సుమారు 20 సెంటీమీటర్లు. నూరేళ్లలో ఒక జనాభా జన్యువులు ఆ మేరకు మారవు. మారింది తిండి, బాల్యంలో వచ్చే జబ్బులు, తల్లుల ఆరోగ్యం. అదే సమయంలో, ఒకే తరంలో ఒకే రకమైన పరిస్థితుల్లో పెరిగినవారి మధ్య ఎత్తు తేడాలలో 80 శాతం దాకా జన్యువుల తేడాల వల్లే వస్తాయన్నది కూడా నిజమే. ఈ రెండు వాక్యాలు ఒకదాన్నొకటి ఖండించవు. 80 శాతం అన్నది జనంలో కనబడే తేడాలకు సంబంధించిన లెక్క. అది ఒక మనిషి ఎత్తును ముక్కలు చేసి ఇంత భాగం జన్యువులది, ఇంత భాగం అన్నానిది అని పంచదు. పరిస్థితులు మారితే ఆ శాతమే మారుతుంది. బుద్ధి, స్వభావం వంటి విషయాలలో 'ఇంత శాతం జన్యువులే' అని వార్తలు వచ్చినప్పుడు పెద్దవాళ్లు సైతం పొరబడేది సరిగ్గా ఇక్కడే. గణితం ఏమంత కష్టం కాదు. పద్నాలుగేళ్ల పిల్లలకు అర్థమవుతుంది.

జన్యువులనూ పరిసరాలనూ విడదీసి పక్కపక్కన పెట్టే అలవాటును పోగొట్టడానికి ఫినైల్‌కీటోన్యూరియాను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. 1934లో నార్వే వైద్యుడు ఆస్‌బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించిన ఈ వ్యాధి అంతర్గత జన్యువు (రెండు ప్రతులూ అదే రూపంలో ఉంటేనే ప్రభావం కనబడే జన్యువు) వల్ల వచ్చేదే, అదీ మెండెల్ బఠానీలలో చూపిన 3:1 వంటి నిష్పత్తులకు అక్షరాలా లోబడేదే. ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఎంజైము పనిచేయక, అది రక్తంలో పేరుకుని, ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. పుట్టిన కొద్ది రోజులకే మడమ నుంచి ఒక రక్తపు చుక్క తీసి పరీక్షించి, ఆ అమైనో ఆమ్లం తక్కువగా ఉండే ఆహారం మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. జన్యువు మారలేదు, ఫలితం మారింది. ఇంతవరకు కొన్ని పుస్తకాల్లో ఉంది. లేనిది తరువాతి భాగం. అలా పెరిగిన అమ్మాయి పెద్దదై, ఆహార నియమం వదిలేసి గర్భం దాలిస్తే, తల్లి రక్తంలో పెరిగిన ఫినైల్‌అలనిన్ కడుపులోని బిడ్డ మెదడును, గుండెను దెబ్బతీయగలదు, ఆ బిడ్డకు వ్యాధి లేకపోయినా సరే. ఒకరి జన్యువు మరొకరికి పరిసరం అయింది. ఆ బిడ్డకు కలిగిన హానిని జన్యువుల ఖాతాలో రాయాలా, పరిసరాల ఖాతాలో రాయాలా అని పరీక్షలో అడగండి. సరైన సమాధానం రాసిన పిల్ల ఈ శాస్త్రాన్ని అర్థం చేసుకున్నట్టే.

నేను జన్యువుల ప్రాముఖ్యాన్ని తగ్గించమని అడగడం లేదని కూడా స్పష్టం చేయాలి. అన్నీ పరిసరాలే అని చెప్పడం మరో తప్పు, దానివల్ల బాధపడినవాళ్లూ ఉన్నారు. ఆటిజం ఉన్న పిల్లల తల్లులను, వాళ్ల మనసులో ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలు అలా అయ్యారని నిందించిన కాలం ఇరవయ్యో శతాబ్దపు మధ్యలోనే ఉంది. కొన్నిచోట్ల జన్యువు మాట దాదాపు శాసనమే. హంటింగ్టన్ వ్యాధిలో 4వ క్రోమోజోము మీది ఒక జన్యువులో సీ, ఏ, జీ అన్న మూడు అక్షరాలు వరసగా పునరావృతమవుతాయి. ఆ ఆవృత్తులు 40 లేదా అంతకు మించితే, సాధారణ ఆయుర్దాయం బతికినవారికి వ్యాధి రావడం దాదాపు తథ్యం; 36 నుంచి 39 దాకా ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. కాని రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించిన బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమైన మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్ల వయసు లోపు ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం ప్రాంతంలో ఉంటుంది. పైగా రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో అత్యధికులకు ఆ మార్పే ఉండదు. మధుమేహంలోనూ గుండెజబ్బులోనూ సాధారణంగా ఏ ఒక్క జన్యువుకూ అంత బలం లేదు. ఈ తరతమభేదమే విద్యార్థికి అందవలసిన జ్ఞానం. పరీక్ష నివేదికలో 'మార్పు కనబడింది' అన్న మాట చూడగానే అది ఈ వరుసలో ఏ చివర ఉందో అడగాలన్న స్పృహ కలిగితే చాలు.

కొడవలి కణ వ్యాధి మీ పుస్తకాలన్నిటిలో ఉంది, కాని సగంలో ఆగిపోతుంది. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం మారి, గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ అనే మరో అమైనో ఆమ్లం వచ్చి చేరడం, అలా మారిన ప్రతి ఒక్కటి మాత్రమే ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ దొరకడం దాకా రాస్తారు. అదే అక్షరం మారిన ఇద్దరిలో ఒకరికి వ్యాధి తీవ్రంగా, మరొకరికి తేలికగా ఎందుకు ఉంటుందో రాయరు. పుట్టకముందు మనందరిలో ఉండే పిండ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొందరిలో కొంత మిగిలిపోతుంది. అది ఎంత ఎక్కువ ఉంటే వ్యాధి అంత నెమ్మదిస్తుంది. ఈ గమనిక నుంచే చికిత్స పుట్టింది. 2023 చివరిలో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అనుమతి పొందిన తొలి క్రిస్పర్ (డీఎన్ఏను ఎంచుకున్న చోట కత్తిరించే పద్ధతి) చికిత్స, చాలామంది అనుకునేట్టు, చెడిన అక్షరాన్ని దిద్దదు. దాని జోలికే పోదు. పిండ హిమోగ్లోబిన్‌ను ఆపి ఉంచే బీసీఎల్11ఏ అనే మరో జన్యువుకు రక్తకణాలలో పనిచేసే స్విచ్చు ఒకటి ఉంది; ఆ స్విచ్చును కత్తిరిస్తుంది. ఒక జన్యువుకు ఒక లక్షణం అన్న నమూనాలోనే ఆలోచించేవారికి ఈ మార్గం తట్టే అవకాశమే లేదు.

ప్రవర్తనకు సంబంధించిన జన్యువుల గురించి తక్కువగా రాస్తాను, ఎందుకంటే చెప్పుకోదగ్గ ఫలితాలే తక్కువ. మెదడులో సందేశాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనపు రవాణాకు సంబంధించిన ఒక జన్యువు రూపాన్నిబట్టి కుంగుబాటు వస్తుందని 1990ల నుంచి వందలాది పత్రాలు వెలువడ్డాయి. 2019లో లక్షలమంది సమాచారంతో ఇలాంటి 18 జన్యువులను తిరిగి పరిశీలిస్తే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న జన్యువులకన్నా వాటికి కుంగుబాటుతో ఎక్కువ సంబంధమేమీ కనబడలేదు. 'నేరాల జన్యువు', 'సాహసాల జన్యువు' వంటి శీర్షికలు మీ పుస్తకంలోకి రాకపోయినా, వాటిని నమ్మే పాఠకుడు మాత్రం మీ పుస్తకం నుంచే తయారవుతున్నాడు.

పాఠ్యపుస్తక రచయితలుగా మీకు ప్రత్యేకంగా గుర్తుచేయవలసిన చరిత్ర ఒకటుంది. పరిణామ సిద్ధాంతాన్ని బోధించినందుకు 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక ఉపాధ్యాయుడిని విచారించిన సంగతి అందరికీ తెలుసు. ఆ విచారణలో ప్రస్తావనకు వచ్చిన పాఠ్యపుస్తకంలోనే, నేరప్రవృత్తి, మందబుద్ధి వంటివి కుటుంబాలలో వారసత్వంగా వస్తాయనీ, అలాంటివారికి సంతానం కలగకుండా చూడాలనీ రాసి ఉండటం అంతగా తెలియదు. రెండేళ్ల తరువాత, 1927లో, బలవంతపు వంధ్యీకరణ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ దేశంలో 60,000 మందికి పైగా అలాంటి శస్త్రచికిత్సలకు గురయ్యారు. 1933 చట్టం కింద నాజీ జర్మనీలో ఆ సంఖ్య సుమారు 4 లక్షలు. ఒక్కో గుణానికి ఒక్కో జన్యువు అన్న సరళీకరణే ఆ చట్టాలకు శాస్త్రీయమన్న ముసుగు తొడిగింది. ఇప్పటి పుస్తకాలు అలాంటివని నేననడం లేదు. కాని జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవోంటిన్ 1972లోనే చూపినట్టు మానవ జన్యు వైవిధ్యంలో దాదాపు 85 శాతం ఏ జనసమూహంలోనైనా లోపలే ఉంటుందన్న అంకెను, మానవ జన్యుసముదాయం గురించి 1997లో యునెస్కో చేసిన ప్రకటన, ఎవరినీ వారి జన్యు లక్షణాలకు కుదించకూడదని కోరుతున్నదన్న వాస్తవాన్ని ఆ అధ్యాయంలో ఎందుకు చేర్చరో నాకు అర్థం కాదు.

మీ జవాబు నాకు తెలుసు: ముందు సులభమైనది చెప్పాలి, క్లిష్టమైనది పై తరగతులలో వస్తుంది. అది పై తరగతులకు వెళ్లేవారి విషయంలో చెల్లుతుంది. మిగతావారికి సులభమైనదే ఆఖరిది. పైగా సులభమన్న పేరుతో మొదట నేర్పినది తరువాత తొలగిపోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో యానీ జేమీసన్, గ్రెగరీ రాడిక్ ఒక ప్రయత్నం చేశారు. మెండెల్‌తో కాక, వెల్డన్ ఆలోచనల ప్రకారం అభివృద్ధి, పరిసరాలు, అనేక జన్యువుల సంయుక్త ప్రభావం వంటి విషయాలతో మొదలయ్యే ఒక పాఠ్యక్రమాన్ని కొందరు విద్యార్థులకు బోధించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. సంప్రదాయ క్రమంలో చదివినవారితో పోలిస్తే, వీళ్లలో అంతా జన్యువులదే నిర్ణయం అన్న నమ్మకం తగ్గింది. చిన్న అధ్యయనమే, దాని మీద ఎక్కువ భారం మోపను. కాని ఇప్పటి క్రమమే మేలని చూపే ఏ అధ్యయనాన్ని మీరు ఆధారం చేసుకున్నారో కూడా చెప్పవలసి ఉంటుంది కదా.

మరొక అభ్యంతరం పరీక్షలది, ఇది అసలైనది. తల్లిదండ్రుల జన్యువులు సంతానంలో ఎలా కలుస్తాయో చూపే నాలుగు గడుల పట్టిక గీయించి 3:1 రాయించడం సులభం, దిద్దడం ఇంకా సులభం. ఆ పట్టికను తీసేయమని నేను కోరను. ఒక జన్యువు వల్ల వచ్చే వ్యాధులున్న కుటుంబాలకు అది నిజంగా పనికివచ్చే లెక్క. దాన్ని అధ్యాయం మధ్యలోకి జరపండి. ఎత్తుతో మొదలుపెట్టి, జన్యువు ఏం చేస్తుందో ముడతల గింజతో చూపించి, ఆ తరువాత, లక్షణం మీద ఒకే జన్యువుది పైచేయి అయ్యే ప్రత్యేక సందర్భంగా మెండెల్ నిష్పత్తులను చెప్పండి. నాలుక, చెవి తమ్మెల పట్టికను మాత్రం వచ్చే ముద్రణ దాకా ఆగకుండా, ఉపాధ్యాయులకు ఒక సవరణ పత్రం పంపి, ఇప్పుడే ఉపసంహరించుకోండి. దానితోపాటు ఇంట్లోవాళ్ల లక్షణాలు నమోదు చేయించే కృత్యాన్ని కూడా. అధ్యాయం చివరి ప్రశ్నలలో కనీసం ఒకటి ఇలా ఉండాలని కోరుతున్నాను: ఒకే జన్యు మార్పు ఉన్న ఇద్దరు వ్యక్తులలో ఒకరికి వ్యాధి వచ్చి మరొకరికి రాకపోవడానికి ఉండగల మూడు కారణాలు రాయండి. సవరించిన అధ్యాయపు చిత్తుప్రతిని ముద్రణకు ముందే ఉపాధ్యాయుల పరిశీలనకు ఉంచితే, తరగతిలో పరీక్షించి చూసి, పిల్లలు ఎక్కడ తడబడ్డారో పేజీల వారీగా రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు